హెపటైటిస్ సి ఉన్నవారిలో కుంగుబాటు: రెండు జబ్బులకూ ఒకేసారి వైద్యం

"ఒంట్లో ఓపిక ఉండటం లేదండీ" అని హెపటైటిస్ సి అనే కాలేయ వైరస్ జబ్బు ఉన్న రోగి చెబితే, కాలేయ జబ్బులో అది మామూలేనని కాలేయ వైద్యుడు అంటాడు. అదే మనిషి మానసిక వైద్యుడికి తన ఫైలు చూపిస్తే, ముందు కాలేయం సంగతి తేల్చుకుని రమ్మంటారు. రెండు గదుల మధ్య తిరిగి విసిగిపోయి, చివరికి ఎక్కడికీ వెళ్లడం మానేసేవాళ్లున్నారు. ఈ వ్యాసం వాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం. ఇందులో చెప్పదలచుకున్నది ఒక్కటే. వైరస్ పోయేదాకా కుంగుబాటు వైద్యాన్ని ఆపనక్కరలేదు, కుంగుబాటు తగ్గేదాకా వైరస్ వైద్యాన్నీ ఆపనక్కరలేదు.

ఈ వాయిదా అలవాటు ఊరికే రాలేదు. 1989లో ఈ వైరస్‌ను గుర్తించిన తర్వాత రెండు దశాబ్దాలకు పైగా దానికి ప్రధానమైన మందు ఇంటర్‌ఫెరాన్ సూదులే. 24 వారాలో, 48 వారాలో వేయించుకోవాలి. ఆ సూదులే మనిషిని కుంగదీసేవి. వేయించుకున్నవారిలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా చికిత్స మధ్యలో కుంగుబాటులో పడేవారు, కొందరికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవి. అందుకే అప్పటికే దిగులు జబ్బు ఉన్నవారికి ఆ వైద్యం మొదలుపెట్టడానికి వైద్యులు వెనకాడేవారు. ఆ రోజుల్లో అది సబబే. 2013 చివర్లో అమెరికాలో సొఫొస్బువిర్ మాత్రకు అనుమతి వచ్చింది, 2015 నుంచి మన దేశంలో దాని జెనరిక్ మాత్రలు దొరుకుతున్నాయి. ఇప్పుడు చాలామందికి 12 వారాల మాత్రలతో పని అయిపోతుంది, నూటికి 95 మందికి పైగా నయమవుతుంది, ఈ మాత్రలు మనసును ఇంటర్‌ఫెరాన్‌లా కుంగదీయవు. పాత భయం మాత్రం కొందరు వైద్యుల్లోనూ, చాలామంది రోగుల్లోనూ అలాగే మిగిలిపోయింది.

మొదటి పని: వైరస్ ఇప్పుడు ఉందో లేదో తేల్చుకోండి

యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ అని వచ్చిన కాగితం పట్టుకుని నెలల తరబడి కుమిలిపోయేవాళ్లలో కొందరికి అసలు వైరసే ఉండదు. ఆ పరీక్ష చెప్పేది, ఎప్పుడో ఒకప్పుడు వైరస్ ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. సోకినవారిలో దాదాపు 30 శాతం మందికి మొదటి ఆరు నెలల్లో మందు లేకుండానే అది పోతుంది. యాంటీబాడీలు మాత్రం రక్తంలో ఏళ్ల తరబడి ఉంటాయి. ఇప్పుడు వైరస్ ఉన్నదీ లేనిదీ చెప్పేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, వాడుకలో వైరల్ లోడ్ పరీక్ష. అది అయ్యేదాకా దీర్ఘకాలిక హెపటైటిస్ సి ఉందని నిర్ధారించుకోవద్దు.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారికి ఇది మరీ ముఖ్యం. గల్ఫ్ వీసా వైద్య పరీక్షల్లో హెపటైటిస్ సి యాంటీబాడీ పరీక్ష ఉంటుంది. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టాక "అన్‌ఫిట్" అన్న ముద్రతోనే తనకు జబ్బుందని మొదటిసారి తెలిసినవాడి మానసిక స్థితి వేరే చెప్పాలా? ఉద్యోగం పోయింది, అప్పు మిగిలింది, జబ్బు పేరు కొత్తది. అతని దిగులులో వైరస్ పాత్ర ఎంతో, ఆ అప్పు పాత్ర ఎంతో విడదీసి చూడకుండా మాత్రలు రాసిస్తే సగం పనే అవుతుంది.

ఆర్‌ఎన్‌ఏ పాజిటివ్ వస్తే, కాలేయం ఏ దశలో ఉందో అడిగి తెలుసుకోండి. ప్లేట్‌లెట్ల సంఖ్య, కాలేయ పరీక్షలు, అవసరమైతే ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) ఆ సంగతి చెబుతాయి. సిర్రోసిస్, అంటే కాలేయం గట్టిపడటం, ఉందా లేదా అన్నదాని మీదే వైరస్ మందుల ఎంపికా, కుంగుబాటు మందుల మోతాదూ ఆధారపడతాయి. హెపటైటిస్ బి పరీక్ష కూడా చేయించుకోవాలి, ఎందుకంటే సి వైరస్‌కు మందు వేస్తున్నప్పుడు దాగి ఉన్న బి వైరస్ తిరగబెట్టవచ్చు.

ఇవన్నీ జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద, దానికోసం ఎంపిక చేసిన ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. 2018 జులై 28న మొదలైన కార్యక్రమం ఇది. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోనో, బోధనాసుపత్రిలోనో అడగండి. వైద్యానికి ఇల్లమ్ముకోవాలేమోనన్న భయమే చాలామందిని కుంగదీస్తుంది కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

రెండో పని: రెండు వారాలు మిమ్మల్ని మీరు గమనించుకోండి

దీర్ఘకాలిక హెపటైటిస్ సి ఉన్నవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి కుంగుబాటు ఉంటుంది. వైరస్ వల్ల ఒంట్లో ఎడతెగకుండా సాగే వాపు ప్రక్రియ మెదడులోని రసాయనాల మీద పనిచేస్తుంది. జబ్బు పేరు తెచ్చే సిగ్గు, భవిష్యత్తు భయం, కొందరిలో మద్యం దానికి తోడవుతాయి. అంతా మనసులోనే ఉంది, ధైర్యంగా ఉంటే పోతుందని చుట్టాలు చెప్పే మాటలో పస లేదు.

చిక్కు ఎక్కడంటే, నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర చెడిపోవడం, ధ్యాస నిలవకపోవడం రెండు జబ్బుల్లోనూ ఉంటాయి. వాటిని బట్టి ఏదీ తేల్చలేం. తేడా చెప్పేవి వేరే ఉన్నాయి. కాలేయం వల్ల నీరసపడిన మనిషి కుర్చీలో కూర్చునే మనవడి ఆటలు చూసి నవ్వుతాడు, క్రికెట్ స్కోరు అడుగుతాడు. కుంగుబాటులో ఉన్నవాడికి మనవడు వచ్చినా పట్టదు, ఇష్టమైన కూర వండినా పట్టదు. తాను ఎందుకూ పనికిరానన్న భావన, చేసిన పాపమేదో తగిలిందన్న మాట, ఇక బాగుపడేది లేదన్న నమ్మకం, ఇంట్లోవాళ్లకు తాను భారమన్న ఆలోచన కాలేయం వల్ల వచ్చేవి కావు. ఇవి రెండు వారాలకు మించి దాదాపు రోజంతా ఉంటే అది కుంగుబాటేనని అనుమానించాలి.

దీనికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంది, తెలుగులోనూ దొరుకుతుంది. గడచిన రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎన్ని రోజులు ఉందో 0 నుంచి 3 వరకు అంకె వేయాలి. మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే వైద్యుణ్ని కలవాలి, 20 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రమైనది. కాలేయ రోగులకు నీరసం, నిద్ర, ఆకలి ప్రశ్నల్లోనే అంకెలు పెరిగే వీలుంది. అందుకని మొత్తం ఒక్కటే చూడకుండా మొదటి రెండు ప్రశ్నలకు, అంటే ఆసక్తి పోవడం, దిగులుగా ఉండటం అన్నవాటికి, మీరు వేసిన అంకెలు వేరుగా చూసుకోండి. ఈ పత్రం జబ్బును నిర్ధారించదు. వైద్యుడి ముందు మాట మొదలుపెట్టడానికి పనికొస్తుంది, మూడు నెలల తర్వాత మళ్లీ నింపి పోల్చుకోవడానికి ఇంకా బాగా పనికొస్తుంది.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాక ఇంకే అంకె వేసినా, మిగతా మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే ఒకరికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రమాదం ముంచుకొచ్చినట్టు అనిపిస్తే 108కి ఫోను చేయండి, మనిషిని ఒంటరిగా వదలవద్దు. ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. పురుగుమందుల డబ్బాలు ఇంట్లోనుంచి, పొలం కొట్టంలోనుంచి వేరే చోటికి తరలించాలి. మాత్రల డబ్బా తమ దగ్గర ఉంచుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం అక్కరలేదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది.

మూడో పని: కుంగుబాటులా కనిపించే వేరే జబ్బులను పక్కకు తీయండి

ఈ భాగం సిర్రోసిస్ ఉన్నవారి ఇంట్లోవాళ్లు ఒకటికి రెండుసార్లు చదవాలి. కాలేయం బాగా దెబ్బతిన్నప్పుడు అమోనియా వంటి మలినాలు రక్తంలో పేరుకుని మెదడు మందగిస్తుంది. వైద్యులు దీన్ని హెపాటిక్ ఎన్‌సెఫలోపతి అంటారు. మొదట్లో ఇది అచ్చం దిగులులాగే ఉంటుంది. మనిషి ముభావంగా ఉంటాడు, అడిగినదానికి ఆలస్యంగా జవాబిస్తాడు, విసుక్కుంటాడు. పగలంతా తూగుతాడు, రాత్రంతా మేలుకుంటాడు. ఈ నిద్ర తారుమారు ముఖ్యమైన గుర్తు. సంతకం మారిపోవడం, చేతిరాత వంకర పోవడం, లెక్కల్లో తడబడటం, చేతులు ముందుకు చాచి మణికట్టు పైకి ఎత్తి పట్టుకోమంటే అరచేతులు టపటపా కిందికి వాలడం మిగతా గుర్తులు.

దీనికి వైద్యం వేరు. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అయ్యేలా లాక్టులోజ్ సిరప్ ఇస్తారు, అవసరమైతే రిఫాక్సిమిన్ మాత్రలు కలుపుతారు. దిగులనుకుని, నిద్ర పట్టడం లేదనుకుని, మందుల దుకాణంలో అల్ప్రాజోలామ్ వంటి నిద్రమాత్ర కొని వేస్తే మనిషి అపస్మారకంలోకి వెళ్లవచ్చు. సిర్రోసిస్ ఉన్నవారికి నిద్రమాత్ర సొంతంగా ఇవ్వడం కన్నా ప్రమాదకరమైన ఇంటివైద్యం నాకు తోచడం లేదు. మలబద్ధకం, జ్వరం, రక్తపు వాంతులు లేదా నల్లటి విరేచనం తర్వాత మనిషి హఠాత్తుగా తికమకపడితే అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సమయం.

మిగతావి తేలిగ్గా తేలతాయి. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 లోపం, అదుపులో లేని చక్కెర వ్యాధి, వీటికి ఒక్క రక్త నమూనా చాలు. వైరస్ మాత్రలతో కొందరికి కలిపి ఇచ్చే రిబావిరిన్ వాడుతున్నవారిలో హిమోగ్లోబిన్ పడిపోవడం మామూలే, ఆ నీరసాన్ని దిగులుగా పొరబడవచ్చు. ఇక మద్యం. తాగుడు తనంత తానే కుంగుబాటును తెస్తుంది, కాలేయాన్నీ తొందరగా గట్టిపరుస్తుంది. హెపటైటిస్ సి ఉన్నవారికి ఇంత వరకు ఫరవాలేదన్న కొలత లేదు. ఏళ్లుగా రోజూ తాగేవారు మాత్రం ఒక్కసారిగా సొంతంగా మానేయకూడదు. వణుకు, మూర్ఛ, మతి తప్పడం ప్రాణం మీదికి తేవచ్చు. వైద్యుడి పర్యవేక్షణలో మానాలి.

నాలుగో పని: ఇద్దరు వైద్యులనూ ఒకే కాగితం మీదికి తెండి

ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలు. ఆ సమయంలో కథంతా చెప్పలేరు. ఇంట్లోనే ఒక తెల్ల కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి: కాలేయం దశ, ఇప్పుడు వాడుతున్న ప్రతి మందు పేరు, మోతాదు (గ్యాస్ మాత్ర, నొప్పి మాత్ర, ఆయుర్వేద లేహ్యం, పసరు సహా), పీహెచ్‌క్యూ-9 మొత్తం, గతంలో ఎప్పుడైనా మానసిక వైద్యం తీసుకున్నారా అన్నది. అదే కాగితం జిరాక్సు తీసి ఇద్దరు వైద్యులకూ ఇవ్వండి.

కాలేయ వైద్యుడితో "నీరసంగా ఉంది" అని ఆగిపోవద్దు. "ఏదీ బాగనిపించడం లేదు, ఏడుపొస్తోంది, బతకాలనిపించడం లేదు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మన దగ్గర మగవాళ్లు నీరసం, ఒంటినొప్పులు అని చెప్పి దిగులు సంగతి మింగేస్తారు. వైద్యుడు కూడా మందు రాసి పంపేస్తాడు. దగ్గరలో మానసిక వైద్యుడు లేకపోతే జిల్లా ఆసుపత్రిలో మానసిక విభాగం గురించి అడగండి, లేదా ఆ టెలిమానస్ నంబరుకే చేసి ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోండి. ఆరోగ్య బీమా ఉన్నవారు గుర్తుంచుకోవాల్సింది: 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా సంస్థలు వైద్య బీమా కల్పించాలి.

ఐదో పని: మందులు, వాటి మధ్య పొత్తు

సిర్రోసిస్ లేనివారికి జాతీయ కార్యక్రమంలో సొఫొస్బువిర్ 400 మిల్లీగ్రాములు, డక్లాటస్విర్ 60 మిల్లీగ్రాములు రోజుకు ఒకసారి చొప్పున 12 వారాలు ఇస్తారు. సిర్రోసిస్ ఉంటే సొఫొస్బువిర్‌తో వెల్పటస్విర్ ఇస్తారు. కాలేయం మరీ దెబ్బతిని పొట్టలో నీరు చేరడం వంటివి ఉంటే రిబావిరిన్ కలుపుతారు, లేదా వ్యవధి 24 వారాలకు పెంచుతారు. కుంగుబాటులో ఉన్నవారు మాత్ర మరచిపోవడం, మధ్యలో మానేయడం ఎక్కువ. కాబట్టి అసలు అడ్డంకి అక్కడే ఉంది. ఇంట్లో ఒకరు రోజూ ఒకే వేళకు గుర్తుచేసి మింగించే ఏర్పాటు ఉంటే, కుంగుబాటు ఉన్నంత మాత్రాన ఈ మాత్రలు ఆపాల్సిన పని లేదు.

కుంగుబాటుకు సాధారణంగా ముందు రాసేవి సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులు. పైన చెప్పిన వైరస్ మాత్రలతో వీటికి చెప్పుకోదగ్గ పేచీ లేదు. కాలేయం దెబ్బతిన్నవారికి మోతాదు తగ్గిస్తారు. ఎస్సిటలోప్రామ్‌ను సాధారణంగా 10 మిల్లీగ్రాముల దగ్గరే ఆపుతారు. ఫలితం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, గాభరా ఉండి మేలు మాత్రం కనిపించదు, చాలామంది సరిగ్గా అప్పుడే మానేస్తారు. ఈ మందుల వల్ల రక్తస్రావం ముప్పు కొంత పెరుగుతుంది. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు ఉన్నా, ప్లేట్‌లెట్లు బాగా తక్కువగా ఉన్నా ఆ మాట మానసిక వైద్యుడికి తప్పక చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు వీటితో కలిపి వేసుకోకూడదు.

దూరం పెట్టాల్సినవీ ఉన్నాయి. డ్యులాక్సెటిన్, అగోమెలాటిన్ కాలేయ జబ్బు ఉన్నవారికి తగవు. మూర్ఛకూ, మానసిక స్థితి స్థిరపరచడానికీ వాడే కార్బమజెపిన్ సొఫొస్బువిర్ పనిని దెబ్బతీస్తుంది. ఫెనిటోయిన్, క్షయకు వాడే రిఫాంపిసిన్ కూడా అంతే. అవి వాడుతున్నవారు సొంతంగా ఆపేయకుండా ముందే వైద్యుడికి చెప్పాలి. దిగులుకు సహజ ఔషధమని ఆన్‌లైన్‌లో అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్ కూడా వైరస్ మాత్రలతో పనికిరాదు. గుండె లయకు వాడే అమియోడరోన్ సొఫొస్బువిర్‌తో కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. వెల్పటస్విర్ వాడేవారు పాంటోప్రజోల్ వంటి గ్యాస్ మాత్రల సంగతి అడిగి తెలుసుకోవాలి, కడుపులో ఆమ్లం తగ్గితే ఆ మందు సరిగ్గా ఒంటబట్టదు.

ఇక పసరు. కామెర్లనగానే పసరు తాగించే ఊళ్లు మనకు ఎన్నో ఉన్నాయి. నేల ఉసిరి హెపటైటిస్ సి వైరస్‌ను పోగొట్టదు. తిప్పతీగ, అశ్వగంధ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మొక్క కదా, ఏం చేస్తుందిలే అనుకోవడానికి ఇది సమయం కాదు.

ఆరో పని: రోజును కొద్దికొద్దిగా తిరిగి అమర్చుకోండి

తేలికపాటి కుంగుబాటుకు మాటల చికిత్స ఒక్కటే సరిపోవచ్చు, తీవ్రమైనదానికి మందుతో పాటు అది ఉండాలి. నిపుణుడు దొరికేలోపు మీరే మొదలుపెట్టదగిన పద్ధతి ఒకటుంది. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని ఎదురుచూస్తే కుంగుబాటులో ఉత్సాహం రాదు. పని ముందు, ఉత్సాహం తర్వాత. ముందురోజు రాత్రే మరునాటికి రెండే రెండు పనులు రాసుకోండి: ఒకటి చేయక తప్పనిది, ఒకటి ఒకప్పుడు ఇష్టమైనది. చెట్లకు నీళ్లు పోయడం, చెల్లెలికి ఫోను చేయడం అంతటి చిన్నవి చాలు. మీకు ఓపిక ఎక్కువగా ఉండే వేళకు, చాలామందికి అది పొద్దున, వాటిని పెట్టుకోండి. నడక పది నిమిషాలతో మొదలుపెట్టండి.

తిండి దగ్గర మనవాళ్లు చేసే పని చూస్తే నాకు కోపమొస్తుంది. కాలేయ జబ్బనగానే నూనె లేదు, పప్పు లేదు, గుడ్డు లేదు, నెలల తరబడి చప్పిడి మజ్జిగన్నం. కండ కరిగి, నీరసం పెరిగి, ఉన్న దిగులు రెట్టింపవుతుంది. సిర్రోసిస్ ఉన్నవారికి మాంసకృత్తులు తగ్గించడం కాదు, మామూలు మనిషి కన్నా ఎక్కువ కావాలి. పప్పు, పెరుగు, గుడ్డు తినవచ్చు. రాత్రి పడుకునే ముందు కొంచెం తినడం కండ కరగకుండా కాపాడుతుంది. పొట్టలో నీరు చేరినవారు ఉప్పు తగ్గించాలి, ఊరగాయ మానాలి. కాఫీ ప్రియులకు మంచి కబురు: కాఫీ కాలేయానికి మేలు చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. సాయంత్రం తర్వాత తాగి నిద్ర చెడగొట్టుకోకపోతే చాలు.

ఏడో పని: ఇల్లు, చుట్టాలు, చెప్పడం

కంచం వేరు, గ్లాసు వేరు, పడక వేరు. మందులు రాసినంత తేలిగ్గా ఈ గాయాన్ని మాన్పలేం. హెపటైటిస్ సి రక్తం ద్వారా సోకుతుంది. కలిసి తినడం, కౌగిలించుకోవడం, పసిపిల్లను ఎత్తుకోవడం, దగ్గు, తుమ్ము, వీటి వల్ల రాదు. తల్లి పాలు ఇవ్వవచ్చు, చనుమొనలు పగిలి రక్తం వచ్చినప్పుడు మాత్రం ఆపాలి. వేరుగా ఉంచాల్సినవి గడ్డం గీసుకునే బ్లేడు, పళ్ల బ్రష్షు, గోళ్ల కత్తెర. అంతే. ఈ నాలుగు మాటలు రోగి చెబితే ఇంట్లో నమ్మరు. అందుకని ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఆ పెద్దను ఒకసారి వైద్యుడి దగ్గరికి వెంట తీసుకెళ్లి వైద్యుడి నోటనే చెప్పించండి.

"ఎలా వచ్చింది?" అన్న ప్రశ్న వెనక నడవడి మీద అనుమానం ఉంటుంది. భార్యాభర్తల మధ్య సోకే అవకాశం చాలా తక్కువ. మన దగ్గర చిన్న జ్వరానికీ సూది మందు వేయించుకోవడం అలవాటు, ఆ సూదులు సరిగ్గా శుద్ధి చేయని రోజులు చాలా ఉన్నాయి. దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష దేశంలో తప్పనిసరి అయింది 2001లో. అంతకు ముందు కాన్పులో రక్తం ఎక్కించుకున్న తల్లికి ఈ రోజు వైరస్ బయటపడితే అందులో ఆమె తప్పేముంది? డయాలసిస్ రోగులకు వేరే యంత్రం కేటాయించడం కూడా జాగ్రత్త కోసమే, వెలి వేయడానికి కాదని సిబ్బంది ఒక్క మాట చెబితే ఆ రోగి మనసు ఎంతో తేలికపడుతుంది. డయాలసిస్ మీద ఉన్నవారికీ ఈ మాత్రలు పనిచేస్తాయి.

ఎవరికి చెప్పాలన్నది మీ ఇష్టం. జీవిత భాగస్వామికి, పళ్ల వైద్యుడితో సహా మీకు వైద్యం చేసేవారికి చెప్పండి. ఆఫీసులో, వీధిలో అందరికీ చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు.

ఎనిమిదో పని: వైరస్ పోయాక

మాత్రలు అయిపోయిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష మళ్లీ చేస్తారు. అప్పుడు వైరస్ కనిపించకపోతే నయమైనట్టే. ఆ కాగితం భద్రంగా దాచుకోండి. యాంటీబాడీ పరీక్ష ఆ తర్వాత కూడా పాజిటివ్‌గానే వస్తుంది కాబట్టి, ఉద్యోగపు పరీక్షలోనో రక్తదాన శిబిరంలోనో ఆ మాట వినపడినప్పుడు జబ్బు తిరగబెట్టిందని బెంబేలెత్తకండి. మళ్లీ కొత్తగా సోకడం మాత్రం సాధ్యమే, సూదుల జాగ్రత్త ఎప్పటికీ ఉండాలి.

చాలామందికి వైరస్ పోయాక ఓపిక, మనసు రెండూ తేరుకుంటాయి. కొందరికి తేరుకోవు. రిపోర్టు బాగున్నా తాను బాగాలేనన్న అపరాధ భావం దానికి తోడవుతుంది. ఇల్లంతా పండగ చేసుకుంటుంటే దిగులని ఎలా చెప్పేదని మౌనంగా ఉండిపోతారు. అందుకే నయమైందన్న రిపోర్టు వచ్చిన వారంలోనే పీహెచ్‌క్యూ-9 మరోసారి నింపండి. అంకె ఇంకా పది గానీ అంతకు మించి గానీ ఉంటే కుంగుబాటు వైద్యం కొనసాగాలి, మోతాదు మార్చాలేమో అడగాలి. అంకె తగ్గిపోయినా మందు ఆ రోజే ఆపకూడదు. మనసు కుదుటపడ్డాక కనీసం ఆరు నెలలు వాడి, వైద్యుడు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. సిర్రోసిస్ ఉన్నవారు వైరస్ పోయినా ఆరు నెలలకోసారి కాలేయానికి అల్ట్రాసౌండ్ స్కాన్ తప్పక చేయించుకోవాలి, క్యాన్సర్ ముప్పు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. ఆ స్కాన్‌కు వెళ్లిన రోజునే మానసిక వైద్యుణ్నీ కలిసేలా తేదీలు కలుపుకుంటే ఒక్క ప్రయాణంతో రెండు పనులూ అవుతాయి.